బిళ్ల కట్టినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది?

(ఆశా కార్యకర్తలు, డిగ్రీ విద్యార్థుల కోసం గోదావరి జిల్లాలో జరిగిన సభలో ఒక వైద్యుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఉన్న ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎమ్‌లకు, వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలకు. కుర్చీలు చాలకపోతే పిల్లలు వచ్చి ఈ స్టేజీ అంచున కూర్చోండి, ఫర్వాలేదు.

కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంటుంది. పీకి పారేసి పనిలో పడిపోతాం. రెండు మూడు రోజులకి గజ్జల్లో బిళ్ల కడుతుంది, నడుస్తుంటే సలుపుతుంది. ముల్లు దిగింది అరికాల్లో. మోకాలికి ఏమీ కాలేదు, తొడకి ఏమీ కాలేదు, గజ్జల్లో బిళ్ల ఎందుకు కట్టింది? వేలికి గోరుచుట్టు లేస్తే చంకలో కడుతుంది. పన్ను పుచ్చితే దవడ కింద. తలలో కురుపులున్న పిల్లలకి మెడ వెనక చేత్తో తడిమితే గింజల్లా తగులుతాయి. ఏ దెబ్బకి ఎక్కడ బిళ్ల కడుతుందో మన ఇళ్లలో పెద్దవాళ్లకి బాగా తెలుసు. ఎందుకు కడుతుందో ఈ పూట చెప్పుకుందాం. అది అర్థమైతే మన జిల్లాలను తరతరాలుగా పీడిస్తున్న బోదకాలు ఎందుకు వస్తుందో, వచ్చినవాళ్లకి మనం చెయ్యగలిగింది ఏమిటో కూడా అర్థమవుతుంది. నేను అసలు వచ్చింది ఆ రెండో సంగతి కోసం.

మొదట నీళ్ల లెక్క. గుండె నుంచి బయల్దేరిన రక్తం చీలుతూ చీలుతూ వెంట్రుక కన్నా చాలా సన్నటి నాళాల్లోకి చేరుతుంది. వాటి గోడ మందం ఒకే ఒక్క కణం. రక్తం ఒత్తిడికి ఆ గోడల్లోంచి నీరు, ఉప్పు, చక్కెర, కొంచెం ప్రోటీను బయటికి ఊరతాయి. కణాలకి తిండి అందేది అలాగే. ఊరిన నీటిలో రోజుకి సుమారు 3 లీటర్లు మరో దారిన తిరిగి రక్తంలోకి రావాలి. మన ఒంట్లో రక్తపు ద్రవభాగం మొత్తం కలిపినా దాదాపు అంతే, 3 లీటర్లు. ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఆ దారే శోషరస నాళాలు, అందులో పారేదే శోషరసం. డెల్టాలో పుట్టినవాళ్లకి దీన్ని చెప్పడం తేలిక. చేలోకి నీరు తెచ్చేది పంటకాలువ, చేలోంచి నీరు తీసేది మురుగుకాలువ. పంటకాలువ ఎంత బాగున్నా మురుగుకాలువ పూడిపోతే చేను మునిగిపోతుంది. ఒంట్లోనూ అంతే. రక్తనాళం తెస్తుంది, శోషరస నాళం తీస్తుంది. తేడా ఒక్కటి ఉంది. శోషరస నాళం తీసుకెళ్లేది వట్టి నీరు కాదు. గాయమైన చోట ఏం జరిగిందో తెలియజేసే కణాలు కూడా ఆ దారినే వెళతాయి.

ఈ నాళాల మొదలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అవి ఎక్కడి నుంచో సాగి వచ్చేవి కావు, కణాల మధ్యలోనే మూసుకుపోయిన కొసలతో మొదలవుతాయి. గోడలోని కణాలు ఒకదాని అంచు మీద ఇంకొకటి వాలి ఉంటాయి. చుట్టూ నీరు పెరిగితే ఆ అంచులు లోపలికి తెరుచుకుంటాయి. లోపలికి వెళ్లిన నీరు బయటికి రాబోతే అవే మూసుకుంటాయి. కొంచెం పైకి వెళితే నాళం లోపల కవాటాలు ఉంటాయి, రసాన్ని ఒక్క దిక్కుకే పోనిస్తాయి. వీటికి గుండె లాంటి పంపు లేదు. పెద్ద నాళాల గోడల్లో కండరం ఉంది, అది నిమిషానికి కొన్నిసార్లు తనంతట తాను ముడుచుకుంటుంది. మిగతా పని మన నడకది, పిక్క కండరాలది, ఊపిరిది. రాత్రంతా బస్సులో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే పొద్దున చెప్పులు బిగుతుగా అనిపించడానికి పిక్క కదలకపోవడం ఒక పెద్ద కారణం.

రెండు కాళ్ల నుంచి, పొట్ట నుంచి, ఎడమ చెయ్యి, ఎడమవైపు తల, ఛాతీ నుంచి వచ్చే రసమంతా ఒకే పెద్ద నాళంలోకి చేరి, వెన్నెముక పక్కనుంచి పైకెక్కి, ఎడమ కంటె ఎముక వెనక సిరలో కలిసిపోతుంది. ఒంట్లో ముప్పాతిక భాగం శోషరసం అక్కడే రక్తంలో కలుస్తుంది. కుడివైపు పైభాగానిది మాత్రం కుడి పక్కన కలుస్తుంది.

ఈ నాళాలను మనుషులు చాలా ఆలస్యంగా చూశారు. 1622 జులైలో ఇటలీలోని మిలాన్‌లో గాస్పరే అసెల్లి అనే వైద్యుడు బతికున్న కుక్క పొట్ట కోసి కొందరికి చూపిస్తున్నాడు. పేగుల మీద తెల్లటి తీగలు కనిపించాయి. నరాలనుకున్నాడు. ఒకదాన్ని కోస్తే పాలలాంటి ద్రవం వచ్చింది. మరో కుక్కను కోసి చూస్తే ఏమీ కనిపించలేదు. తరవాత తేలిందేమిటంటే, మొదటి కుక్క కడుపునిండా తిని ఉంది, రెండోది ఆకలితో ఉంది. మనం తిన్న నెయ్యి, నూనె పేగుల్లోంచి నేరుగా రక్తంలోకి వెళ్లవు, శోషరసంలోకి వెళతాయి. అందుకే భోజనమయ్యాక ఆ నాళాలు తెల్లగా కనిపిస్తాయి. 1651లో ఫ్రాన్స్‌లో జాన్ పెకే ఆ రసం గుండెకి దగ్గర సిరల్లోకి చేరే పెద్ద నాళాన్ని ప్రకటించాడు. ఆ తరవాత మూడు వందల ఏళ్లు దీన్ని నీళ్లు తోడే ఏర్పాటుగానే చాలామంది చూశారు. మెదడు పొరల్లోనూ శోషరస నాళాలున్నాయని గట్టిగా రుజువైంది 2015లో. మొన్నటి మాట. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లలకి నేను చెప్పేదొకటే, ఈ శాస్త్రంలో ఇంకా మీకు బోలెడు పని మిగిలి ఉంది.

సరే, బిళ్ల సంగతికి వద్దాం.

మనిషి ఒంట్లో ఇలాంటి బిళ్లలు 600 దాకా ఉంటాయి. మెడలో, చంకల్లో, గజ్జల్లో, పొట్ట లోపల పేగుల చుట్టూ గుంపులుగా ఉంటాయి. మామూలప్పుడు చిక్కుడు గింజ కన్నా చిన్నవి, చాలావాటిని చేత్తో పట్టుకోలేం. శోషరసం తిన్నగా రక్తంలోకి వెళ్లదు. దారిలో కనీసం ఒక బిళ్లలోంచైనా దూరి వెళ్లాలి. టాన్సిల్స్ ఈ కుటుంబంలోవే. ప్లీహం కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే అది వడగట్టేది శోషరసాన్ని కాదు, రక్తాన్ని.

ఇప్పుడు ముల్లు గుచ్చుకున్న చోటికి వెళ్లి, గంట గంటకీ ఏం జరుగుతుందో చూద్దాం. ముల్లుతోపాటు మట్టిలోని సూక్ష్మజీవులు లోపలికి వెళ్లాయి. నిమిషాల్లో అక్కడున్న మాస్ట్ కణాలు హిస్టమిన్ విడుదల చేస్తాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడలు వదులవుతాయి, నీరు ఎక్కువగా ఊరుతుంది. ఎర్రబడటం, వేడి, వాపు, సలుపు, ఈ నాలుగూ అక్కడినుంచి వచ్చినవే. గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రక్తంలోంచి బయటికొచ్చి సూక్ష్మజీవులను మింగుతాయి. మింగి చచ్చిపోతాయి. చీము అంటే ముఖ్యంగా ఆ చచ్చిన కణాలే. ఈ పనికి ముందు పరిచయం అక్కర్లేదు, ఏ క్రిమి వచ్చినా ఇలాగే జరుగుతుంది. చాలా ముళ్ల కథ ఇక్కడితోనే అయిపోతుంది.

అవకపోతే రెండో పని మొదలవుతుంది. చర్మంలో చెట్టు కొమ్మల్లా చాచుకున్న డెండ్రైటిక్ కణాలుంటాయి. 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్ వీటిని గుర్తించాడు. దానికి 2011లో నోబెల్ ప్రకటించారు. ప్రకటనకి మూడు రోజుల ముందే ఆయన కన్నుమూశాడు. ఈ కణాలు క్రిమిని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కలను తమ పైపొర మీద పెట్టుకుంటాయి. అప్పటిదాకా చర్మాన్ని అంటిపెట్టుకున్నవి పట్టు వదిలేసి కదలడం మొదలుపెడతాయి. శోషరస నాళం విడుదల చేసే ఒక రసాయనం వాసన పట్టుకున్నట్టే దాని వైపు వెళ్లి, లోపలికి దూరి, సుమారు ఒక రోజులో గజ్జల్లోని బిళ్లకి చేరతాయి.

అంత దూరం ఎందుకు వెళ్లాలి? అసలు చిక్కు ఇక్కడుంది. లింఫోసైట్లు అనే తెల్లకణాల్లో టి కణాలు, బి కణాలు అని రెండు రకాలు. ఇవి ఒక్కొక్కటీ ఒక్కో ఆకారాన్ని మాత్రమే గుర్తుపడతాయి. ముందుగానే కోట్ల రకాలు తయారై ఉంటాయి. కొన్ని జన్యు ముక్కలను అటూ ఇటూ మార్చి అతికించి ఇన్ని రకాలు ఎలా పుట్టిస్తాయో సుసుము టోనెగావా చూపించాడు, 1987 నోబెల్ ఆయనకే. కానీ ఫలానా క్రిమి ముక్కను గుర్తుపట్టే టి కణం లక్షకి ఒకటి ఉంటుంది, ఒక్కోసారి పది లక్షలకి ఒకటి. ఆ ఒక్క కణం నేరుగా మీ అరికాలికి వచ్చి ముల్లు దగ్గర నిలబడటం జరిగే పని కాదు. అందుకని రెండూ ఒకే చోట కలిసే ఏర్పాటు ఉంది. క్రిమి ముక్కలను మోసే కణం శోషరసం దారిలో బిళ్లలోకి వస్తుంది. టి కణాలు రక్తం దారిలో అదే బిళ్లలోకి వస్తాయి. వచ్చి, ఒక్కో డెండ్రైటిక్ కణాన్నీ తడిమి చూసి, తనకి సరిపోయేది దొరక్కపోతే ఒక రోజులోగా బయటపడి శోషరసంతోపాటు రక్తంలోకి పోయి, ఇంకో బిళ్లలో వెతుకుతాయి. జీవితమంతా ఇదే పని.

ఈ తిరుగుడు కనిపెట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్. అప్పటికి లింఫోసైట్లు ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు, కొద్ది గంటలు బతికి చచ్చిపోతాయనే అనుకునేవారు. ఆయన ఎలుకల్లో ఇందాక చెప్పిన పెద్ద నాళానికి సన్నటి గొట్టం పెట్టి శోషరసాన్ని బయటికి తీశాడు. రోజులు గడిచేకొద్దీ అందులో కణాలు తగ్గిపోయాయి. తీసిన కణాలను మళ్లీ ఎక్కిస్తే సంఖ్య తిరిగి పెరిగింది. అంటే ఎప్పటికప్పుడు కొత్తవి పుట్టుకురావడం లేదు, అవే కణాలు రక్తంలోంచి బిళ్లల్లోకి, బిళ్లల్లోంచి రక్తంలోకి తిరుగుతున్నాయి. 1950ల చివరి మాట ఇది. నాకు ఈ ప్రయోగమంటే చాలా ఇష్టం. ఖరీదైన యంత్రం ఏదీ లేకుండా ఒక గొట్టం, ఓపిక పెట్టి వైద్యంలో ఒక కొత్త అధ్యాయం తెరిచారు.

సరిపోయే కణం దొరికిందనుకోండి. అప్పుడు బిళ్ల బయటి దారి కొన్నాళ్లు మూసుకుంటుంది. లోపలికి వచ్చే లింఫోసైట్లు వస్తూనే ఉంటాయి, వెళ్లేవి ఆగిపోతాయి. దొరికిన కణం రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోతూ నాలుగైదు రోజుల్లో వేలు, లక్షలు అవుతుంది. బి కణాలు క్రిమికి అతుక్కునే యాంటీబాడీలు చెయ్యడం మొదలుపెడతాయి. పక్కనే ఉండే గుంపుల్లో బి కణాలు తమ యాంటీబాడీని కొంచెం కొంచెం మార్చుకుంటాయి, బాగా అతుక్కునేది బతుకుతుంది, మిగతావి పోతాయి. ఇంత సందడి పైపొర కింద జరుగుతుంటే పొర సాగుతుంది, నొప్పి పుడుతుంది. మీ వేలికి తగిలే బిళ్ల అదే. అది జబ్బు కాదు, పని జరుగుతోందని గుర్తు. కోవిడ్ టీకా వేయించుకున్నాక చంకలో బిళ్ల కట్టిందని చాలామంది కంగారుపడ్డారు. టీకా పని చేసేదే ఆ బిళ్లలో.

ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పేస్తాను. ఏ పుండూ లేకుండా బిళ్ల పెరిగి రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, నొప్పి లేకుండా గట్టిగా రాయిలా ఉన్నా, కంటె ఎముక పైన కనిపించినా, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం తోడైనా ఆలస్యం చెయ్యకండి. మెడలో గండమాల అని పెద్దలు అనేది చాలాసార్లు టీబీ. క్యాన్సర్ కణాలు కూడా ఇదే దారిలో ప్రయాణం చేస్తాయి. సూదితో కొన్ని కణాలు తీసి పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. సూది పెడితే పాకుతుందన్న భయంతో నెలల తరబడి పసర్లు కట్టుకుని కూర్చునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక బోదకాలు. పైలేరియా పురుగు, వుచరేరియా బాంక్రాఫ్టీ. మురుగునీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొస్తుంది. దోమ కుట్టిన చోట పిల్లపురుగు చర్మంలోకి దూరి, శోషరస నాళంలోకి వెళ్లి, అక్కడే పెద్దదవుతుంది. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, పావు మిల్లీమీటరు మందం. అయిదారేళ్లు బతుకుతుంది. మగవాళ్లలో వృషణాల దగ్గరి నాళాల్లో స్కానింగ్ పెట్టి చూస్తే స్క్రీన్ మీద పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. ఒకసారి చూస్తే మరిచిపోరు. అవి కనే లక్షలాది సూక్ష్మమైన పిల్లలు రాత్రి పది నుంచి రెండు మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి, ఎందుకంటే ఆ దోమ కుట్టేది రాత్రే. పురుగు ఉందేమో చూడటానికి రక్తపు చుక్క తీసే పరీక్షకి, అంటే రక్తపూతకి, సిబ్బంది రాత్రిపూట ఇళ్లకి రావడానికి కారణం ఇదే. దోమ వల్ల ఒక జబ్బు పాకే దారి మొదటిసారి తెలిసింది ఈ పురుగు దగ్గరే. చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ 1877లో పైలేరియా పురుగు దోమ లోపల పెరగడం చూశాడు. అదే మాన్సన్ ప్రోత్సాహంతో రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లో మలేరియా క్రిమిని దోమలో పట్టుకున్నాడు.

ఆలోచించండి. క్రిములను పట్టించే కణాలు వెళ్లే దారిలోనే ఈ పురుగు కాపురం పెట్టింది. అయిదారేళ్లు ఎలా బతుకుతోంది? మన రోగనిరోధక వ్యవస్థకి అతిగా స్పందించకుండా ఆపే పద్ధతులు ఉన్నాయి, లేకపోతే తిన్న ప్రతి అన్నం మెతుకు మీదా ఒళ్లు తిరగబడుతుంది. పురుగు ఆ పద్ధతులనే వాడుకుంటుంది. అది బతికున్నంత కాలం చుట్టూ స్పందనను అణిచి ఉంచుతుంది.

అందుకే ఒకే వీధిలో, ఒకే దోమలు కుట్టిన ముగ్గురు మనుషుల్ని చూస్తే ముగ్గురి కథా వేరుగా ఉంటుంది. మొదటి మనిషికి రక్తం నిండా పిల్లపురుగులున్నా ఏ ఇబ్బందీ లేదు, పొలం పనికి వెళ్లి వస్తున్నాడు. ఒళ్లు పురుగుతో సర్దుకుపోయింది. రెండో మనిషికి రక్తపూతలో పురుగే దొరకదు. కానీ రాత్రుళ్లు విడవని దగ్గు, పిల్లికూతలు, ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఉంటాయి. మనవాళ్లు ఇస్నోఫీలియా అంటారే, అందులో ఒక రకం ఇది. ఇతని ఒళ్లు పిల్లపురుగులను ఊపిరితిత్తుల్లో పట్టి చంపుతోంది, ఆ చంపడంలో ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయి. ఆస్తమా అనుకుని ఏళ్ల తరబడి ఇన్హేలర్ వాడినవాళ్లున్నారు, అసలు మందు పైలేరియా మాత్ర. మూడో మనిషిది కాలు. పురుగు ఉన్న చోట నాళం సాగిపోయి కవాటాలు మూతపడవు. పురుగు చచ్చినప్పుడు దాని ఒంట్లో ఉన్న వోల్బాకియా అనే బాక్టీరియా బయటపడి మంట రేపుతుంది, నాళం మచ్చకట్టి మూసుకుపోతుంది. పురుగు ఒకటే. ఎవరి ఒళ్లు ఎలా తీసుకుంది అన్నదాన్ని బట్టి జబ్బు మారింది.

ఈ మూడో మనిషి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మొదట్లో సాయంత్రానికి పాదం వాస్తుంది, రాత్రి పడుకుంటే తగ్గుతుంది. బొటనవేలితో ముంగాలి మీద నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. కాలం గడిచేకొద్దీ గుంట పడటం మానేస్తుంది. ఎందుకంటే అక్కడ నిలిచింది వట్టి నీరు కాదు, ప్రోటీనుతో కూడిన నీరు. దాని చుట్టూ పీచు పేరుకుంటుంది, చర్మం దళసరెక్కుతుంది, మడతలు పడుతుంది. ఇప్పుడు ఆ కాలి వేళ్ల సందుల్లో చర్మం నానిపోయి చిన్న చిట్లు పడిందనుకోండి. మామూలు కాలైతే ఇందాక చెప్పిన కథ జరుగుతుంది, డెండ్రైటిక్ కణం ఒక రోజులో గజ్జలకి చేరుతుంది. ఈ కాల్లో దారి లేదు. మామూలు బాక్టీరియా, గొంతునొప్పి తెచ్చే జాతివి, అక్కడ యథేచ్ఛగా పెరుగుతాయి. ఒక్కసారిగా వణుకుతో చలిజ్వరం, కాలు ఎర్రగా పొంగడం, మంట. నాలుగైదు రోజులు మంచం మీద. తగ్గాక చూస్తే కాలు ముందుకన్నా కొంచెం లావు. ప్రతి జ్వరం మిగిలిన నాళాల్లో కొన్నిటిని పాడుచేసి పోతుంది, దారి తగ్గేకొద్దీ జ్వరాలు పెరుగుతాయి. పురుగు ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు. కాలు లావెక్కుతూనే ఉంటుంది.

అంటే ఈ కాలికి ఇప్పుడు కావలసిన మందు ఏమిటో ఆలోచించండి. ఈ బల్ల మీద పెట్టినవి చూడండి. టబ్బు, మగ్గు, మామూలు సబ్బు, మెత్తటి పాత నూలుగుడ్డ, శిలీంధ్రాల ఆయింట్‌మెంట్. ఇంతే. రోజూ ఒకసారి, వీలైతే రెండుసార్లు, చల్లటి శుభ్రమైన నీళ్లు పోసి, సబ్బు ముందు చేతిలో నురగ చేసుకుని, మోకాలి నుంచి కిందికి రాయాలి. పీచు, రాయి వాడకూడదు. మడతల్లో వేలితో, వేళ్ల సందుల్లో గుడ్డ కొసతో ఒక్కో సందూ తుడవాలి. సబ్బు జిడ్డు పోయేదాకా కడగాలి. తరవాత ఆరబెట్టడమే అసలు పని. రుద్దకూడదు, అద్దాలి. సందుల్లో తడి మిగిలితే కడిగింది వృథా. సందుల్లో తెల్లగా నానినట్టు ఉంటే ఆయింట్‌మెంట్. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా, పడుకున్నప్పుడు మంచానికి కాళ్లు పెట్టే వైపు కోళ్ల కింద ఇటుకలు. మడమ పైకీ కిందికీ ఆడించడం, పాదం గుండ్రంగా తిప్పడం, పిక్క కదిలితే మిగిలిన నాళాల్లో రసం కదులుతుంది. చెప్పులు లేకుండా గుమ్మం దాటకూడదు. ఇది శ్రద్ధగా చేసేవాళ్లలో చలిజ్వరాలు బాగా తగ్గిపోతాయి. చాలా దేశాల్లో తేలిన విషయం. లావెక్కిన కాలు సన్నబడుతుందని నేను ఆశపెట్టను, కానీ జ్వరం లేకపోతే కూలికి వెళ్లొచ్చు, పెళ్లికి వెళ్లొచ్చు, చదువు మానక్కర్లేదు.

మన దగ్గర బోదకాలు ఉన్న ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పాదాలు కప్పేలా కట్టుకుని, గడప దాటకుండా ఏళ్లు గడిపేస్తారు. ఇంక చేసేదేం లేదని వాళ్లకి చెప్పింది మనమే, వైద్యులమే. అది తప్పు. ఆ మాట ఇంకెవరి నోటా రాకూడదు. ఇదే పురుగు వల్ల మగవాళ్లకి వచ్చే వరిబీజం సంగతి ఇంకా సులువు, చిన్న ఆపరేషన్‌తో పోతుంది. సిగ్గుతో దాచుకోవద్దని వాళ్ల ఇంటివాళ్లకైనా చెప్పండి.

మందు గురించి ఒక్క మాట. డైఇథైల్‌కార్బమజీన్, మీరు డీఈసీ అంటారు. ఇది అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో 1947లో బయటికొచ్చింది. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. పైలేరియా అంటే ఏమిటో ఎరిగిన నేల అది. ఈ మందులో ఒక వింత ఉంది. గాజు గొట్టంలో పిల్లపురుగుల మీద పోస్తే పెద్దగా ఏమీ అవదు. మనిషి ఒంట్లో అయితే గంటల్లో మాయమవుతాయి. మందు వాటిని మన తెల్లకణాలకి, ప్లేట్‌లెట్లకి పట్టిస్తుంది, చంపే పని ఒళ్లే చేస్తుంది. అన్నాళ్లూ సర్దుకుపోయిన ఒళ్లు ఆ రాత్రి పని మొదలుపెడుతుందన్నమాట.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (విద్యార్థి): సార్, ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలు అమ్ముతున్నారు కదా. వాడితే మంచిదేనా?

ఇమ్యూనిటీ అనేది ట్యాంకులో నీళ్లలా పెంచుకునేది కాదు బాబూ. ఇందాక చెప్పిన రెండో మనిషిది ఎక్కువైన స్పందనే, దానివల్లే దగ్గు. కీళ్లవాతం, కొన్నిరకాల థైరాయిడ్ జబ్బులు కూడా తన ఒంటి మీదే తిరగబడ్డ స్పందన వల్ల వచ్చేవి. కడుపునిండా పప్పు, గుడ్డు, ఆకుకూర, వేళకి నిద్ర, షుగర్ అదుపులో ఉండటం, వేయాల్సిన టీకాలు వేయించుకోవడం. నాకు తెలిసినంతవరకు ఇవి పనిచేస్తాయి. మిరియాల కషాయం గొంతుకి హాయిగా ఉంటే తాగండి, ఎవరూ వద్దనరు. డబ్బా మీద రాసింది నమ్మి నెల జీతం ఖర్చుపెట్టకండి.

ప్రశ్న (ఒక పెద్దావిడ): అమావాస్యకీ పున్నానికీ జ్వరం వస్తుందండి నాకు. గజ్జల్లో బిళ్ల కడుతుంది. వాతలు పెట్టించుకోమంటారు.

అమ్మా, వాతలు మాత్రం వద్దు. కాలిన పుండులోంచి మళ్లీ క్రిములు వెళ్లి మరో జ్వరం వస్తుంది. వేడి కాపడాలూ వద్దు, మర్దనా వద్దు. జ్వరం వచ్చిన రోజు కాలు ఎత్తు మీద పెట్టుకుని పడుకోండి, తడిగుడ్డ వేసుకోండి, నీళ్లు బాగా తాగండి, ఆ రోజే ఆసుపత్రికి రండి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. తిథి చూసుకుంటూ ఎదురుచూడకండి. జ్వరం వచ్చినప్పుడల్లా మీ అమ్మాయి చేత వేళ్ల సందుల్లో చూపించుకోండి, ఎక్కడో ఒక చిట్లు ఉంటుంది. సభ అయ్యాక ఇక్కడే ఉండండి, మీ కాలు నేను చూస్తాను, కడగడం మన ఏఎన్ఎమ్ చేసి చూపిస్తారు.

ప్రశ్న (ఆశా కార్యకర్త): ఇంటింటికీ పైలేరియా మాత్రలు తీసుకెళితే మాకేం జబ్బు లేదు, మేమెందుకు మింగాలి అంటారు. మింగినవాళ్లకి ఒళ్లు తిరిగిందని గొడవ చేస్తారు.

ఇది మీకు ప్రతిసారీ ఎదురయ్యే టెన్షనే, నాకు తెలుసు. ఏ ఇబ్బందీ లేని మొదటి మనిషి కథ చెప్పండి వాళ్లకి. అతని రక్తంలోంచే దోమ తీసుకెళ్లి పక్కింటి పిల్లవాడికి పెడుతుంది. ఎవరి రక్తంలో ఉందో ముఖం చూసి చెప్పలేం కాబట్టి ఊరంతా ఒకేసారి మింగాలి. ఇలా ఏటా మింగించి శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ జబ్బును వదిలించుకున్నాయి. మాత్ర వేసుకున్న రాత్రి తలనొప్పి, జ్వరం, ఒళ్లు తిరగడం వచ్చిందంటే చాలాసార్లు వాళ్ల రక్తంలో పురుగులున్నాయని, అవి చస్తున్నాయని అర్థం. ఏమీ లేనివాళ్లకి సాధారణంగా ఏమీ అవదు. ఆ మాట ముందే చెప్పి, ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పి మాత్ర ఇస్తే గొడవ రాదు, తరవాత చెబితే వస్తుంది.

పంపిణీ ఉన్న చోట పెద్దవాళ్లకి డీఈసీ మూడు మాత్రలు, 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకి రెండు, 2 నుంచి 5 ఏళ్లకి ఒకటి, దాంతో ఒక ఆల్బెండజోల్. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా ఉంటుంది, అది మనిషి ఎత్తు కొలిచి ఇవ్వాలి. రెండేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, బాగా జబ్బుగా ఉన్నవాళ్లకి వద్దు. ఖాళీ కడుపుతో ఎవరికీ ఇవ్వకండి, అన్నం తిన్నాకే. మీ ఎదుటే మింగించండి, చేతిలో పెట్టి వచ్చేస్తే సగం మాత్రలు అలమరలోనే ఉండిపోతాయి. పగలు ఇంట్లో దొరకనివాళ్ల పేర్లు రాసుకుని, పనుల నుంచి వచ్చే వేళకి మర్నాడు సాయంత్రం మళ్లీ వెళ్లండి.